దూరపు ఒడ్డు పాట

మహారాష్ట్రలోని బల్లార్షాలో మా కాలనీ ఆడవాళ్ళలో సగం మంది వరంగల్ వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళే. పుట్టింట్లో పెద్దలు పోయాక అటు పోవడం మానేశారు. పెళ్ళికో చావుకో పిలుపు వస్తే తప్ప రైలెక్కరు. నేనూ అంతే. కొత్తిమీర కట్ట ఒక్క రూపాయి తక్కువకు దొరుకుతుందంటే రెండు సందులు నడిచే మనిషిని. ఏ పిలుపూ లేకుండా, పండుగ కాకుండా, ఒక పాట కోసం టికెట్ కొన్నానంటే నన్ను ఎరిగినవాళ్ళు నమ్మలేదు. అందుకే పోయి వచ్చినదంతా రాస్తున్నాను.

కారణం ముందు చెప్పాలి. ఎండాకాలంలో మా మనవరాలి పెళ్ళి అయింది. నలుగు పెట్టేటప్పుడు నన్ను పాడమన్నారు. నాకు వచ్చిన పాటలన్నీ మా అమ్మవే. గొంతు సవరించుకున్నానో లేదో మా వియ్యపురాలు అందుకున్నది. ఆమెది మా పక్క ఊరే.

“ఏం పాట పాడుతవు ఇయ్యపురాల? మీ అమ్మ లెక్క దొర పాటనా? పాడినంక దొరసాని చీర కప్పాల్నా మరి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు పాడలేదు, ఆ తర్వాతా పాడలేదు.

అబద్ధమైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అది నిజం. దొర మడిలో నాట్లు వేసే ఆడవాళ్ళకు మా అమ్మదే ముందు గొంతు. ఆమె పాడితే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. నేను చిన్నపిల్లను, ఒడ్డు మీద కూర్చుని నారు కట్టలు అందించేదాన్ని. వెట్టి పోయిందని పెద్దలు చెప్పుకునేవారు గాని, మా ఊళ్ళో దొర మడి నాటితే తప్ప ఎవరూ సొంత మడిలో కాలు పెట్టేవాళ్ళు కాదు. ఆ నాటుకు కూలీ లేదు. దొర మనిషి కర్ర పట్టుకుని నా పక్కనే నిలబడేవాడు. అతని ముందు మా అమ్మ నిండు గొంతుతో పాడేది:

దొర గడప సల్లగుండ, తొలకరి నీళ్ళు నిండ,
దొరసాని ఒడి నిండ బంగారు గింజలు పండ.

నాట్లయ్యాక దొరసాని ఏటా ఒక చీర పంపేది. మా అమ్మ తీసుకునేది. నేను కళ్ళతో చూశాను.

ఎందుకు పాడింది? ఆ ఒక్క మాట నాకు తెలియాలి. చెప్పగల మనిషి ఒక్కతే మిగిలింది: మా అమ్మ చెల్లెలు ఈరమ్మ, ఆమె పక్కనే నడుము వంచి నాటిన మనిషి. తొంభై దాటింది. ఫోన్ చేసి అడిగితే, “ఫోన్ల చెప్పేదా అది? నాట్లప్పుడు రా” అని పెట్టేసింది. నాట్ల దాకా ఆమె ఉంటుందా అని ఆ నెలంతా నాకు ఒకటే దిగులు.

రైల్లో

వాన కడిగిన కిటికీ పక్కన చోటు దొరికింది. సిర్పూరు దాటాక అడవి, ఆపైన బొగ్గు గుట్టలు, అన్నీ తడిసి ఒకే రంగులోకి దిగిపోయాయి. రైలు ఊపుకు కళ్ళు మూతపడేవి. మూసిన కళ్ళలో ఒక మడి, వంగిన వీపులు, నీళ్ళలో మబ్బులు. వీపులు నా నుంచి మెల్లగా దూరమయ్యేవి. చిన్నప్పటి నుంచి నాకు వచ్చే కల ఇదే. అందులో మా అమ్మ ఎప్పుడూ దూరం పోతూనే ఉంటుంది, పాట సన్నబడుతూనే ఉంటుంది, చివరికి పాడుతోందని తెలుస్తుంది గాని ఏమీ వినపడదు.

గోదావరి వచ్చినప్పుడు అందరూ లేచి రూపాయలు వేశారు. నేను దండం వేశాను. నదికి రూపాయితో ఏం పని?

ఎదురుగా కూర్చున్న ఆమె కాజీపేట మనిషి. ఆమె ఇంట్లో మూడు తరాలుగా రైల్వే పనే. సంచిలోంచి సర్వపిండి తీసి తుంచి నా చేతిలో పెట్టింది. మా దగ్గర మరాఠీవాళ్ళు చేసే థాలీపీఠ్‌కు ఇది చెల్లెలు లాంటిది. కాకపోతే ఇక్కడ బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, గిన్నెకే ఒత్తి కాలుస్తారు. అంచు కరకర, నడుమ మెత్తన. రొట్టె తింటూ నా పని చెబితే ఆమె మొఖం వెలిగింది.

“మా మామ గ్యాంగుల పనిజేసేటోడు పెద్దమ్మా. రైలు పట్టా జరపాల్నంటే పాట ఉండాలె. లేకుంటే అందరి బలం ఒక్కపారి పడది. ఆఫీసరు గొడుగు పట్టుకొని ఆడనే నిలవడేటోడు. ఆయనకు తెలుగు రాదు. పాటంత ఆయన మీదనే.”

“తిట్లా?”

“తిట్లంటే తిట్లా! ఆయన బొర్ర మీద ఓ చరణం, ఆయన మీసం మీద ఓ చరణం. ఆయనేమో తలకాయ ఊపుకుంట ‘శాబాస్, శాబాస్’ అనేటోడంట.”

“తెలుగు వచ్చిన ఆఫీసరు వస్తే?”

“అప్పుడు రామభజన.”

పెట్టె అంతా తిరిగి చూసేటట్టు నవ్వాను. చాలా రోజులకు అంత నవ్వు. కానీ కాజీపేట వచ్చేదాకా ఆ మాట నన్ను వదలలేదు. ఆఫీసరు పక్కన కూర్చున్న చిన్నపిల్లకు ఏ పాట వినపడి ఉంటుంది?

వరంగల్

సాయంత్రం కోటకు పోయాను. నల్లరాతి తోరణాలు వాన మసకలో తేలుతున్నట్టున్నాయి. తడిసిన రాయి మీద చెయ్యి పెడితే వెచ్చగా అనిపించింది, పగటి ఎండ ఇంకా లోపలే ఉన్నట్టు. ఒక ఆయన ఎవరికో రాజుల పేర్లు వరసగా చెబుతున్నాడు. ఈ రాళ్ళు ఎత్తినవాళ్ళు పాట లేకుండా ఎత్తి ఉండరు. ఆ పాటలో రాజును ఏమన్నారో ఆయనకు తెలియదు, అడగలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. రాళ్ళ మధ్య నుంచి గాలి వస్తుంటే ఎవరో దూరంగా కూనిరాగం తీస్తున్నట్టే ఉండింది.

బయట ఒకామె మక్కజొన్న కంకి కాల్చి ముప్పై అన్నది. ఇరవైకి ఇచ్చింది. మా దగ్గర నిమ్మకాయ, కారం రాస్తారు. ఇక్కడ ఉప్పు కారం కలిపి నిమ్మ చెక్కతో రుద్దుతూ, “మీ ఊరోళ్ళకు ఇది పడ్తదా అవ్వా?” అని అడిగింది. నా మాటలో పుట్టిన ఊరు ఎంత పోయిందో అప్పుడు తెలిసింది.

బస్టాండు దగ్గర ఫోన్లలో పాటలు ఎక్కించే దుకాణం ఒకటి కనిపించింది. నాట్ల పాటలున్నాయా అని అడిగాను.

“ఎందుకు లెవ్వు అవ్వా! డీజేల కావాల్నా, మామూలుగనా?”

పెట్టాడు. గోడలు అదిరాయి. వరస తెలిసినదే, మా వైపు ఆడవాళ్ళు కలుపు తీస్తూ పాడేది. మాటలు మాత్రం ఎవరో నాయకుడికి ఓటెయ్యమని.

“ఇది కలుపు పాట గదయ్యా.”

“ట్యూన్ గదే అవ్వా. పోయిన ఎలక్షన్ల ఓ పార్టోళ్ళు పాడిచ్చుకున్నరు, గిప్పుడు ఇంకో పార్టోళ్ళు. పేరు మార్చుడే పని. ఒక్కపారి మార్చుడు మర్చిపోయి ఓడినాయన పేరే ఊరంత తిప్పిన్రు. తన్నులాటయ్యింది.”

“మొదలు ఎవరు కట్టారు దీన్ని?”

“జానపదం అవ్వా. ఎవ్వలు కట్టలే.”

ఎవరూ కట్టకుండా పాట ఎట్లా పుడుతుంది? కుండ కూడా పుట్టదు. యాభై రూపాయలకు ఐదు వందల పాటలు ఎక్కిస్తానన్నాడు. చవకే. వద్దని వచ్చేశాను.

పరకాల బస్సు

తెల్లారి పరకాల బస్సు ఎక్కి, దర్జాగా ఆధార్ కార్డు తీశాను. ఈ రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితమని నా చెవుల్లో పడి ఉన్నది. కండక్టరు కార్డు అటూ ఇటూ తిప్పింది.

“ఇది మహారాష్ట్రది పెద్దమ్మా. నడువది.”

“పుట్టింది ఇక్కడే గదమ్మా. పరకాల అవతల.”

“పుట్టిన ఊరు మిషిన్ల కొట్టరాదు. పైసలు తియ్యి.”

వెనక సీటులో ఒక ముసలామె, “అత్తగారింటికి పోతే పుట్టింటి బస్సు గూడ పరాయిదాయె సూడు” అన్నది. బస్సంతా నవ్వింది. మా దగ్గరైతే ఆడవాళ్ళకు సగం టికెట్. ఇక్కడ నిండు టికెట్ పెట్టుకుని, బస్సులో డబ్బు కట్టిన ఒకే ఒక్క ఆడమనిషినై కూర్చున్నాను. పైసలు పోయిన బాధ ఆత్మకూరు దాటేదాకా ఉన్నది. తర్వాత కిటికీ అవతల నీళ్ళు నిండిన మడులు మొదలయ్యాయి. ఒక మడిలో మబ్బు, పక్క మడిలో ముక్క ఆకాశం, ఇంకో మడిలో కొంగలు. బస్సు ఆకాశం మీదుగా పోతున్నట్టుంది. బాధ ఎప్పుడు పోయిందో తెలియదు.

చిన్నమ్మ ఇల్లు

పరకాల నుంచి ఆటోలో మా ఊరు. దొర ఉండిన పెద్ద భవంతి, ఆ గడిలో ఒక్క గోడ మాత్రమే మిగిలింది, దాని మీద పిడకలు కొట్టారు. దొర మనుమలు పట్నంలో ఉంటారు, భూములు ముక్కలుగా అమ్ముకున్నారు. అందులో ఒక ముక్క, నేను నారు అందించిన ఆ మడే, ఇప్పుడు మా చిన్నమ్మ కోడలు సరోజనది. ఆ మాట విని నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

సరోజన అరవై ఏళ్ళ గట్టి మనిషి. పచ్చిపులుసు, వేడివేడి అన్నం, మక్కగారెలు పెట్టి పక్కనే కూర్చుని తన గోడు మొదలుపెట్టింది.

“రేపు నాటు వదినె. కూలోళ్ళు ఈయేడు ఎంత అడుగుతాండ్రో తెల్సా? ఆటో కిరాయి గూడ మనమే పెట్టాల్నంట. పక్క మడోళ్ళు బెంగాలు నుంచి మొగోళ్ళను గుత్తకు తెచ్చుకున్నరు. నేనే, మనోళ్ళాయె అని ఈళ్ళను పిలుస్త.”

“తగ్గించి అడుగు” అన్నాను. “మధ్యాహ్నం టీ మానెయ్యి. టీకి అరగంట పోతుంది.”

మంచం మీద చిన్నమ్మ పడుకుని ఉన్నదనుకున్నాను. కళ్ళు మూసుకునే నవ్వింది. పిడికెడు మనిషి. చేతులు మాత్రం పెద్దవి, వేళ్ళ చివర్లు మొద్దుబారి నల్లగా ఉన్నాయి.

“లచ్చీ, పొదుపు నేర్పుతానవా?” అన్నది.

దగ్గర కూర్చుని అడిగాను. “చిన్నమ్మా, అమ్మ దొర పాట ఎందుకు పాడేది? ఒక్కసారి పాడి చెప్పు.”

“నాటు పాట ఇంట్ల పాడద్దు బిడ్డా.”

“ఎందుకని?”

“అరిష్టం.”

ఎంత బతిమాలినా అంతే. నాటు పాట పొడి నేల మీద పాడితే ఇల్లు కలిసిరాదట. నేను చిన్నప్పుడు కూడా అమ్మ నోట ఇదే మాట. దంచే పాట, విసిరే పాట ఇంట్లో పాడేది గాని నాటు పాట ఒక్కసారి కూడా పాడలేదు. ఆ రాత్రి పెంకుల మీద వాన పడుతూనే ఉన్నది. చిన్నమ్మ నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగేది.

మడి

పొద్దున్నే సరోజన ఒడ్డు మీద మైసమ్మ రాయికి పసుపు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆటోలో ఆడవాళ్ళు దిగారు, చీరలు మోకాళ్ళ దాకా ఎగ్గట్టారు. నన్ను చూడగానే ఒకామె పిడికెడు నారు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది. కొత్త మనిషి ఒడ్డు మీదికి వస్తే నాటు ఆడవాళ్ళకు కానుక ఇవ్వాలని ఇక్కడి మర్యాద. పది రూపాయలు ఇచ్చాను.

“బల్లార్షా నుంచి పది రూపాయలు మోసుకచ్చిందే!” అన్నదామె, నోటు అందరికీ పైకెత్తి చూపిస్తూ. “రైలుకు ఎంత బరువైందో పాపం!”

“పదికి పాట రాదు పెద్దమ్మా,” ఇంకొకామె అందుకున్నది, “పదికి దగ్గొస్తది.”

చిన్నమ్మ అప్పటికే కర్ర పట్టుకుని ఒడ్డు వెంబడి మడి అవతలికి పోయింది. ఆ ఒడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు వేసుకుని కూర్చుని, చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచింది.

“లచ్చీ! నాటుకుంట రా! ఈడికొచ్చినంక చెప్త!”

“మడిలకు దిగితే కానుక మాఫీ” అన్నారు ఆడవాళ్ళు.

డెబ్బై దాటిన దాన్ని. మడిలో ఎన్నడూ దిగలేదు. చిన్నప్పుడు దిగబోతే మా అమ్మ కొట్టింది. బళ్ళో మూడో తరగతి దాకా చదివాను, తర్వాత పెళ్ళి, ఆ తర్వాత బల్లార్షా. నాటు వేసే ఇంట పుట్టి నాటు తెలియని దాన్ని నేనొక్కదాన్నే. చెప్పులు విడిచి దిగాను. రెండో అడుగుకే కూలబడ్డాను, నడుము దాకా బురద. ఉతికి ఆరేసిన చీర.

“వదినె, భూదేవికి మొక్కుడయ్యిందా?” అని సరోజన ఒడ్డు మీద నుంచి నవ్వింది.

నాటు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నాట్లు వెనక్కి నడుస్తూ వేస్తారు. నారు కట్టలుండే ఒడ్డు దగ్గర మొదలుపెట్టి, ఆ ఒడ్డు వైపే మొఖం పెట్టి వంగి, మొక్క గుచ్చుతూ ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తారు. నాటిన పచ్చదనం ముందు మిగులుతుంది, మనిషి దూరమవుతూ పోతుంది. ఎదురుగా నిలబడ్డ ఆసామికి మొదట మన మాటలన్నీ వినపడతాయి. మడి సగం దాటాక ఏమీ వినపడవు.

నా కలలో వీపులని చెప్పాను గదా. అవి వీపులే. వంగిన మనిషికి మొఖం ఎక్కడ కనపడుతుంది? కల తప్పు కాదు.

ఒడ్డు దగ్గర ఉండగా ఆడవాళ్ళు పాట ఎత్తారు. అదే వరస! దొర పేరు మాత్రం లేదు.

సరోజనక్క గడప సల్లగుండ, తొలకరి నీళ్ళు నిండ,
సరోజనక్క ఒడి నిండ బంగారు గింజలు పండ.

సరోజన ఒడ్డు మీద మురిసిపోయింది. నేను గొంతు కలిపాను. ఎండాకాలం నుంచి మూసుకున్న గొంతు మొదట పలకలేదు, తర్వాత దానంతట అదే దారి పట్టింది. పక్క మడిలో బెంగాలు మొగవాళ్ళు కూడా ఏదో పాడుతున్నారు. వాళ్ళ ఆసామి మోటారు సైకిలు చప్పుడు వినపడగానే టక్కున ఆపారు. చప్పుడు పోయాక మళ్ళీ అందుకున్నారు. ఈసారి నవ్వుతూ.

అడుగు వెనక్కి, మొక్క ముందుకి. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, అడుగున బురద చల్లగా ఉంది. నడుము నొప్పి కాసేపటికి నాది కాదన్నట్టు దూరం జరిగింది. వేళ్ళ సందుల్లోంచి మబ్బులు పోతున్నాయి. సరోజన చిన్నదైపోయింది, ఆమె మాటలు అందడం లేదు. మా పాట కూడా మెల్లగా సన్నబడి ఆగింది. ఈ ఆడవాళ్ళకు అంతవరకే వచ్చు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు నా వెనక నుంచి, చాలా దగ్గరగా, ఒక గొంతు లేచింది. వణుకుతున్న గొంతు, కానీ వరస చెక్కు చెదరలేదు.

వంగిన నడుము మాది, పండిన పంట నీది,
బురదల అడుగు మాది, గద్దె మీద పడక నీది.
వేరు మడిచి పెట్టు చెల్లె, వెన్ను తాలు పోనియ్యి,
గాదె తలుపు తీసిననాడు గాలి మోగనియ్యి.

తిరగబోయాను. “తిరుగకు! వంగే ఉండు!” అని చిన్నమ్మ గద్దించింది. “ఇది మొఖం చూసుకుంట ఇనేది కాదు.”

వంగే ఉన్నాను. పక్కన ఆడవాళ్ళ చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. ఇంకా చాలా చరణాలున్నాయి. అన్నీ రాయను. రాస్తే కూర్చున్న చోటే చదువుకుంటారు.

“ఇది అమ్మ పాడిందా?” నీళ్ళలోకి చూస్తూనే అడిగాను.

“పాడుడేంది, కట్టిందే అది! ముందు సగం పాతది, ఎవ్వలదో. ఎనక సగం మీ అమ్మది. ఆ ఒడ్డున దీవెన, ఈ ఒడ్డున ఇది. దీవెన గట్టిగ పాడితెనే గద దొర మనిషి అనుమానపడకుంట ఆడ్నే నిలవడేది.”

“మరి చీర?”

“తీసుకోకుంటే ముందు గొంతు ఇంకొకలకు ఇస్తరు. పాట పోతది. తీసుకున్నది, పెట్టెల పడేసింది. ఏనాడన్న కట్టంగ చూసినవా?”

చూడలేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

“ఇంట్లో పాడితే అరిష్టమని...”

“అరిష్టం ఏందే పిచ్చిదానా! మన గోడకు ఆనుకొనే దొర మనిషి ఇల్లు. పిల్లలకు గట్ల చెప్తెనే నోరు కట్టుకుంటరు. చెప్పి చెప్పి మాకే నిజమనిపిచ్చింది. రాత్రి గూడ నాకు భయమే అయ్యింది.”

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె అడిగింది, “అమ్మమ్మా, నిజంగనే వేరు మడిచి పెట్టేటోళ్ళా? దొర పంట గింజ పట్టకుంట తాలు పోయిందా?”



“ఏడ పోయింది! ప్రతియేడు మంచిగనే పండేది. నోరు అంటది గని చెయ్యి ఇనది. నారాయె. పసిపిల్ల లెక్కనే గద అది. చేతులకు తీసుకున్నంక వంకర ఎట్ల పెడ్తం?”

“మరి పాటెందుకు?” అన్నాను నేను.

“చెయ్యి దొరదాయె. నడుము దొరదాయె. నోరన్న మనదిగుండాలె గదనే.”

వాన సన్నగా మొదలైంది. నీళ్ళ మీద చుక్కలు, చుక్కల మీద చుక్కలు. ఆఖరి వరస నాటుతుండగా చిన్నమ్మ ఇంకొక్క చరణం పాడింది. ఇది మిగతావాళ్ళు అందుకునేది కాదట. అమ్మ ఒక్కతే పాడుకునేదట.

ఆ ఒడ్డు మీది నా బిడ్డ, ఈ ఒడ్డుకు రాకు బిడ్డ,
నారు అందించు బిడ్డ, నడుము వంచకు బిడ్డ.
పలక పట్టిన చేతికి బురదంటనియ్యకు బిడ్డ.

నా చేతులు చూసుకున్నాను. మోచేతుల దాకా బురద. మా అమ్మ మాట కాదని, ఆమె మాట వినడానికే ఇంత దూరం దిగి వచ్చాను. ఏడ్చానో లేదో తెలియదు. వాన పడుతోంది, వంగి ఉన్నాను, ఎవరికీ తెలియదు.

అంత దూరం నుంచి సరోజన అరిచింది. “ఏం పాడుతాండ్రే? ఒక్కటి వినవస్తలేదు!”

ఆడవాళ్ళు నా వైపు చూశారు. నేను నడుము నిలబెట్టి గొంతెత్తాను:

సరోజనక్క గడప సల్లగుండ...

సరోజన చెయ్యి ఊపింది. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

భోజనాల తర్వాత చిన్నమ్మా నేనూ ఒడ్డు మీద కూర్చుండగా వాళ్ళు రెండో మడిలో దిగారు. దగ్గర ఉండగా దీవెన వినపడింది. దూరం పోయాక కొత్తగా నేర్చుకున్న సగం. మాటలు అందలేదు గాని అక్కడక్కడ నవ్వు అందింది. అది ఎవరి మీద పాడుతున్నారో చెప్పాల్సిన పని లేదు. మడి మాది. ఆసామి మా సరోజన. టీ మానెయ్యమని సలహా ఇచ్చింది నేను.

“చిన్నమ్మా, నీ కోడలినే తిడుతున్నారు” అన్నాను.

“తిట్టనియ్యి. పాటకు చుట్టరికం ఉంటదా?” అన్నది, తాళం వేస్తూ.

సాయంత్రం సరోజన టీ కాచింది. ఆడవాళ్ళు అడిగితే నేనే కాచమన్నానని చెప్పాను. నా కొంగున ఉన్నదాంట్లోంచి బిస్కెట్ పొట్లాలు కూడా తెప్పించాను. ఇది ఎవరికీ చెప్పకండి.

తిరుగు దారి

చిన్నమ్మ ఇంటి గడప దాకా వచ్చింది. వెళ్తానంటే తల నిమరలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. నా మడమలు చూసి, “బురద గట్టిగ రుద్దకు, పగుళ్ళు మండుతయి” అన్నది అంతే. పరకాల బస్సులో మళ్ళీ నిండు టికెట్. ఈసారి వాదించలేదు.

రైల్లో రాత్రి కునుకు పట్టింది. అదే మడి వచ్చింది. కానీ ఈసారి నేను ఒడ్డు మీద లేను. పక్కన ఎవరో వంగి నాటుతున్నారు, మొఖం కనపడదు, చేతులు కనపడుతున్నాయి. మొక్క పెట్టి బొటనవేలితో నెమ్మదిగా అదుముతున్నాయి. మెలకువ వచ్చేసరికి గోదావరి దాటుతున్నాం. లేచి ఒక రూపాయి వేశాను.

ఇంటికి వచ్చిన తెల్లారే వియ్యపురాలు ఫోన్ చేసింది.

“ఏందట, దొర పాట దొరికిందా?”

“దొరికింది. నిండు పాట దొరికింది.”

“పాడు మరి, వింట.”

“కూర్చున్న చోట వినేది కాదు అది. వచ్చే ఏడు నాట్లకు నాతో రా. చీర ఎగ్గట్టి మడిలో దిగి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నాటుకుంటూ వస్తే, నీ వెనక నిలబడి పాడతాను.”

“ఈ వయసుల నన్ను మడిల దింపుతవా?” అన్నది.

“టికెట్ మాత్రం నీదే” అన్నాను.